ముందు గట్టెక్కే చోటు చూసుకోండి

దిగితేగానీ లోతు తెలియదంటారు. చాలా విషయాల్లో మంచి మాటే. కానీ పగడపు దిబ్బ ఉన్న తీరంలో కళ్లకు పెట్టుకునే మాస్కూ, పాదాలకు తొడుక్కునే ఫిన్లూ చేతపట్టుకుని నిలబడినవాడికి ఇంతకంటే చెడ్డ సలహా ఇంకొకటి లేదని నా అభిప్రాయం. నీరు ఎటు లాగుతోంది, దిబ్బ ఎంత లోతులో ఉంది, ఎక్కడ దారి ఉంది, ఎక్కడ లేదు అనే సంగతుల్లో ముప్పాతిక వంతు పొడి ఇసుక మీద నిలబడే తెలుసుకోవచ్చు. దిగాక నేర్చుకుందామనుకుంటే ఆ చదువుకు కట్టాల్సిన రుసుము మరీ ఎక్కువ.

పన్నెండేళ్లుగా ఒడ్డు నుంచి నడిచి వెళ్లి వెచ్చటి నీళ్లలో దిగుతున్నాను. ఎక్కువగా స్నార్కెల్‌తో, అంటే నీళ్లపై బోర్లా తేలుతూ ఊపిరి పీల్చుకునే గొట్టంతో, అప్పుడప్పుడు వీపున గాలి సిలిండరు కట్టుకుని. ఈ పన్నెండేళ్లలో నేను చేసిన తప్పులన్నీ గుర్తు చేసుకుంటే ఒక విషయం విచిత్రంగా కనిపిస్తుంది. పదిహేను మీటర్ల లోతులో నాకు పెద్దగా ఇబ్బంది ఎదురుకాలేదు. మోకాలి లోతుకీ ఛాతీ లోతుకీ మధ్య మాత్రం చాలాసార్లు చావు తప్పి కన్ను లొట్టపోయినంత పనైంది.

అందుకే "పడవ అక్కర్లేదు, నడిచి వెళ్లి దిగడమే కదా, కొత్తవాళ్లకు ఇదే తేలిక" అనే మాట వినగానే నాకు వాదించాలనిపిస్తుంది. పడవలో వెళ్తే దిగాల్సిన చోటును వేరొకరు ఎంచుతారు. గాలి, ప్రవాహం వాళ్లే చూస్తారు. తిరిగి వచ్చాక తలలు లెక్కపెడతారు. అన్నిటికంటే ముఖ్యం, కెరటాలు విరిగే చోటును పడవ మీ తరఫున దాటేస్తుంది. ఒడ్డు నుంచి దిగేవాడు ఆ చోటును రెండుసార్లు సొంత కాళ్ల మీద దాటాలి. రెండోసారి దాటేది అలసిపోయి ఉన్నప్పుడు. ఒక ఘనపు మీటరు సముద్రపు నీరు దాదాపు 1,025 కిలోలు తూగుతుంది. నడుము ఎత్తు కెరటం చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, తగిలితే మాత్రం ఆ బరువంతా ఒక్కసారి మీద పడుతుంది.

కాబట్టి మొదటి పని ఏమీ చేయకపోవడం. సామాను కింద పెట్టి పదిహేను ఇరవై నిమిషాలు నీళ్లను చూడండి. ఫోను చూస్తూ మధ్యమధ్య తలెత్తడం లెక్కలోకి రాదు. కెరటాలు ఒకే తీరుగా రావు, జట్లు జట్లుగా వస్తాయి. అయిదు నిమిషాలు చిన్నచిన్న అలలు వచ్చి, ఆ తర్వాత వరుసగా నాలుగైదు పెద్దవి వస్తాయి. ఆ అయిదు నిమిషాల్లో చూసినవాడు సముద్రం ప్రశాంతంగా ఉందనుకుని దిగుతాడు, సరిగ్గా దిబ్బ అంచుకు చేరేసరికి ఆ నాలుగైదూ ఎదురవుతాయి. పెద్ద కెరటాల జట్టు ఎంతసేపటికి ఒకసారి వస్తోందో రెండు మూడుసార్లు లెక్కపెడితే ఎప్పుడు కదలాలో తెలుస్తుంది.

తెల్లటి నురగ గీత ఎక్కడుందో గమనించండి. కెరటం తన ఎత్తుకు సుమారు 1.3 రెట్ల లోతు ఉన్న చోట విరుగుతుంది. అంటే ఒక మీటరు కెరటం నిలకడగా ఒకే చోట తెల్లబడుతోందంటే అక్కడ కిందున్న దిబ్బ మీద నీళ్లు మీటరున్నర కూడా లేవన్నమాట. నీళ్లలో కాలు పెట్టకుండానే లోతు తెలిసిపోయింది! ఆ తెల్లటి గీత మధ్యలో ఒకచోట నురగ లేకుండా, నీళ్లు ముదురు నీలంగా, పైన కాస్త గరుకుగా కనిపిస్తాయి. అది దిబ్బను చీల్చుకుంటూ పోయే ఇసుక కాలువ. కొత్తవాళ్ల కన్ను నేరుగా అక్కడికే పోతుంది. నురగ లేదు, రాళ్లు లేవు, దారి అంటే ఇదే అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది.

ఆ రోజు సంగతి చెప్పాలి. ఉదయం పది దాటింది, పోటు గరిష్ఠానికి వచ్చి ఆటు మొదలైన సమయం. నేను ఒంటరిగా ఉన్నాను, అదే మొదటి తప్పు. కాలువలో నుంచి రెండు నిమిషాల్లో దిబ్బ బయటికి వెళ్లిపోయాను. కాళ్లు ఆడించినట్టే లేదు, అంత సులువుగా వెళ్లాను. ఈత బాగా వంటబట్టిందని మురిసిపోయాను కూడా. గంట తర్వాత అదే కాలువలో వెనక్కి బయల్దేరాను. కొంతసేపు కాళ్లు ఆడించి కిందికి చూస్తే గుండ్రటి పగడపు బండ ఒకటి కనిపించింది. దాని మీద అరచేతిలో ఇమిడేంత నల్లటి చేప ఒకటి, తన పాచి మడిని కాపలా కాస్తూ, పైనున్న నా మీదికి దూకుతున్నట్టు నటించి వెనక్కి పోతోంది. నవ్వుకున్నాను. ఇంకో ఇరవై ఊపిరుల తర్వాత కిందికి చూశాను. అదే బండ, అదే చేప. అప్పటికీ అది నా మీద కోపంగానే ఉంది. అప్పుడు వెన్నులో చలి పుట్టింది.

జరిగింది చాలా మామూలు సంగతి. కెరటాలు దిబ్బ మీదుగా నీళ్లను లోపలికి తోస్తూ ఉంటాయి. దిబ్బకూ ఒడ్డుకూ మధ్య నీటిమట్టం పెరుగుతుంది. ఆ నీళ్లు తిరిగి బయటికి పోవాలంటే దారి ఆ కాలువ ఒక్కటే. కెరటాలు ఎంత పెద్దవైతే కాలువలో ఒరవడి అంత పెరుగుతుంది, దానికి ఆటు తోడైతే ఇంకా పెరుగుతుంది. నేను వెళ్లేటప్పుడు నన్ను మోసుకెళ్లిందీ, వచ్చేటప్పుడు ఆపేసిందీ ఒకటే. ఇలా ఒడ్డు నుంచి బయటికి లాగే ప్రవాహాన్నే రిప్ కరెంట్ అంటారు. అది సాధారణంగా సెకనుకు అర మీటరుకు అటూ ఇటూగా వేగంతో ఉంటుంది, కానీ ఒక్కోసారి 2.5 మీటర్ల దాకా పోతుంది. ఒలింపిక్ ఈతగాడైనా దాన్ని గెలవలేడు. ఏటికి ఎదురీదడం అనే మాటను మనం మెచ్చుకోలుగా వాడుతుంటాం, అసలు ఏట్లో అదెంత తెలివితక్కువ పనో నాకు ఆ రోజు పిక్కలు పట్టేశాక తెలిసింది.

రిప్‌లో చిక్కుకుంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలని ఎక్కడ చూసినా రాసి ఉంటుంది. ఇసుక తీరంలో అది సరైన మాటే. దిబ్బలోని కాలువలో మాత్రం పక్కన ఉన్నది కెరటాలు విరిగిపడుతున్న పగడం. ఇరుకైన చోట పక్కకు ఈదితే చర్మం ఒలిచిపెట్టినట్టవుతుంది. అక్కడ చేయాల్సింది ఊరుకోవడం. తేలుతూ ఉండి, నీరు తీసుకెళ్లినంత దూరం వెళ్లాలి. దిబ్బ దాటగానే కాలువ విశాలమై ఒరవడి నీరసిస్తుంది. నేను ఆ తెలివితో ఊరుకోలేదు, ఓపిక అయిపోయి ఊరుకున్నాను. యాభై అరవై మీటర్లు బయటికి కొట్టుకుపోయాక నీళ్లు వదిలేశాయి. దూరంగా, దిబ్బ తెగిపోయి కెరటాలు చిన్నబోయిన చోట ఒక ఇసుక మూల కనిపించింది. అక్కడికి చేరడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆ మూల పొద్దున్నే ఒడ్డు మీద నుంచి కూడా కనిపించేది. నేను చూడలేదు, అంతే.

అప్పటి నుంచి నా పద్ధతి మారింది. ఎక్కడ దిగాలన్నది రెండో ప్రశ్న, ఎక్కడ ఎక్కాలన్నది మొదటిది. అది పనికిరాకపోతే ఎక్కడానికి ఇంకొక చోటు కూడా చూసుకుంటాను. ఆ రెండూ దొరక్కపోతే దిగను. ఎక్కే చోటుకు ఎదురుగా రెండు గురుతులు పెట్టుకుంటాను, ఒకటి దగ్గరగా, ఒకటి దాని వెనక దూరంగా. చెట్టు, దాని వెనక కొండ మొన, అలాంటివి. నీళ్లలో నుంచి తలెత్తినప్పుడు రెండూ ఒకే గీతలో ఉంటే నా దారిలో ఉన్నట్టు, విడిపోతే ప్రవాహం నన్ను పక్కకు తోసినట్టు.

ఆటుపోట్ల విషయంలో మనకు ఒక సౌలభ్యం ఉంది, తిథులు తెలుసు. అమావాస్యకూ పౌర్ణమికీ పోటూ ఎక్కువే, ఆటూ ఎక్కువే. అష్టమి దగ్గర రెండూ మందంగా ఉంటాయి. రోజుకు రెండు పోట్లు వచ్చే తీరాల్లో పోటు నుంచి ఆటుకు ఆరు గంటల పైచిలుకు పడుతుంది, కానీ నీరు ఆ ఆరు గంటల్లో సమంగా తగ్గదు. మొదటి గంటలో పన్నెండో వంతు, రెండో గంటలో అలాంటివి రెండు వంతులు, మూడు, నాలుగు గంటల్లో మూడేసి వంతులు, తర్వాత మళ్లీ రెండు, ఒకటి. అంటే మధ్య రెండు గంటల్లోనే సగం నీరు కదిలిపోతుంది. ఆ రెండు గంటలూ నేను దిబ్బ కాలువల దరిదాపుల్లో ఉండను. పోటు నిలబడిన సమయానికి అటూ ఇటూగా నీళ్లలో ఉండేలా చూసుకుంటాను. అప్పుడు దిబ్బ మీద తేలడానికి సరిపడా నీళ్లుంటాయి, లాగుడు తక్కువ. పొద్దున్న పూటైతే ఇంకా మేలు, సముద్రపు గాలి సాధారణంగా మధ్యాహ్నానికి గానీ జోరందుకోదు.

సామాను గురించి ఎక్కువ చెప్పను. మాస్కు ఒక్కటి సరిగ్గా కుదిరితే సగం బాధలు తీరినట్టే. పట్టీ తగిలించుకోకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చండి, చేయి వదిలేసినా అది అతుక్కుని ఉండాలి. మీసం ఉన్నవాళ్లకు కాస్త నీరు కారక తప్పదు, నేను మీసాన్ని వదులుకోలేదు గనుక నీళ్లకే అలవాటు పడ్డాను. అద్దం మసకబారకుండా లోపల ఉమ్ముకుని కడగడం అసహ్యంగా అనిపించినా దాన్ని మించిన ఉపాయం నాకు దొరకలేదు. కెరటాల దగ్గర మాస్కును నుదుటి మీదికి తోసుకోవడం మాత్రం వద్దు, మొదటి కెరటానికే అది పోతుంది. పెట్టుకుంటే కళ్లకు, లేదంటే మెడకు.

ఫిన్లు ఇసుక మీద తొడుక్కుని కప్పలా గెంతుకుంటూ వెళ్లేవాళ్లను చూస్తే జాలి వేస్తుంది. గట్టి అడుగున్న బూట్లతో నడుము లోతుకు వెళ్లి, పక్కవాడి భుజం పట్టుకుని తొడుక్కోండి. ఆ తర్వాత నడవాల్సి వస్తే వెనక్కి నడవండి, మెడ తిప్పి కెరటాన్ని ఒక కంట చూస్తూ. ఇసుకలో అడుగులు ఎత్తకుండా పాదాలు ఈడుస్తూ వెళ్లాలి, ఇసుక కప్పుకుని పడుకున్న టేకు చేప ఆ అలికిడికి లేచి పోతుంది. తొక్కితే తోక ముల్లు దించుతుంది. దానికీ, స్టోన్‌ఫిష్ అనే విషపు చేప ముల్లుకూ మొదటి చికిత్స ఒకటే, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లు, 45 డిగ్రీలు మించకుండా, ఆ తర్వాత వైద్యుడు. స్టోన్‌ఫిష్ మాత్రం అలికిడికి లేవదు, రాయిలా అలాగే ఉంటుంది. గట్టి అడుగున్న బూట్లు అందుకే.

ఇక స్నార్కెల్. ఇది పిల్లల ఆట సామాను అనుకునేవాళ్లతో నాకు పేచీ ఉంది. ఆ గొట్టం గుండా పీల్చే ప్రతి ఊపిరికీ మామూలు కంటే ఎక్కువ శ్రమ పడాలి, పైగా వదిలిన గాలిలో కొంత మళ్లీ లోపలికే వస్తుంది. హవాయిలో స్నార్కెల్ మరణాల మీద జరిగిన అధ్యయనం 2021లో ఒక సంగతి బయటపెట్టింది. చనిపోయినవాళ్లందరూ నీళ్లు మింగి పోయినవాళ్లు కారు. కొందరిలో గొట్టం గుండా గాలి లాగే శ్రమ వల్ల ఊపిరితిత్తుల్లోకి ఒంట్లోని ద్రవమే చేరి ఉండవచ్చని తేల్చింది. కేక వేయరు, చేతులు కొట్టుకోరు, బోర్లా తేలుతూ ఉంటారు. ఒడ్డు నుంచి చూసేవాడికి చేపల్ని చూస్తున్నట్టే ఉంటుంది. అందువల్ల నా నియమం ఒకటే. కారణం లేకుండా ఆయాసం అనిపిస్తే అక్కడికక్కడే ఆగి, గొట్టం నోట్లోంచి తీసేసి, వెల్లకిలా తిరిగి, చేయెత్తి తోడున్నవాణ్ణి పిలవాలి. కాస్త చూద్దాం అనుకోకూడదు. ముఖమంతా కప్పే మాస్కు అయితే తొందరగా తీయడం కష్టం, నేను వాడను.

తేలే జాకెట్ వేసుకోవడం నామోషీ అనుకునేవాళ్లు ఇంకొక తెగ. వాళ్లలో ఒకప్పుడు నేనూ ఉన్నాను. ఒకసారి నా ముందే ఒకాయన, మంచి ఈతగాడే, మాస్కులోకి నీళ్లు పోగానే కంగారుపడి కాళ్లు కిందికి దించి కొమ్మల పగడం మీద నిలబడ్డాడు. నా తల నీళ్లలో ఉంది. పటుక్కుమని ఎండు పుల్ల విరిగిన చప్పుడు వినిపించింది. నీళ్లలో శబ్దం గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా వేగంగా పోతుంది, ఎటు నుంచి వచ్చిందో పోల్చుకోలేం, తల లోపలే విరిగినట్టు ఉంటుంది. ఆయన మాస్కు సర్దుకుని, బొటనవేలు చూపించి, ఇంకో అడుగు వేశాడు. మళ్లీ పటుక్కు. కొమ్మల పగడం ఏడాదికి పది సెంటీమీటర్ల వరకు పెరగగలదు, బండల్లా పెరిగే రకాలైతే ఏడాదికి ఒక సెంటీమీటరు కూడా కష్టమే. ఆయన చెడ్డవాడని కాదు. మునిగిపోతానన్న భయంలో కాలికి తగిలిందల్లా గడ్డిపోచే. ఆ రోజు ఆయన ఒంటి మీద తేలే జాకెట్ ఉంటే కాళ్లు దించాల్సిన అవసరమే వచ్చేది కాదు. పగడాన్ని కాపాడడానికి ఉపన్యాసాల కంటే జాకెట్లు ఎక్కువ పనిచేస్తాయని నేను నమ్ముతాను.

హవాయిలోని హనౌమా బే అనే అఖాతంలో దిగాలంటే ముందు దిబ్బను ఎలా కాపాడాలో చెప్పే చిన్న వీడియో చూసి తీరాలి, 2002 నుంచి అదే నియమం. కరీబియన్‌లోని బోనెయిర్ దీవిలో డైవింగ్ చోట్లకు పసుపు రంగు వేసిన రాళ్లు గుర్తు, దారి పక్కన రాయి కనిపిస్తే దిగిపోవడమే. కానీ అక్కడ కూడా డైవర్లు ముందు ఒక పరిచయ డైవ్ చేయాలి, చేతి తొడుగులు నిషేధం. తొడుగులు లేకపోతే దేన్నీ పట్టుకోబుద్ధి కాదు, ఎంత తెలివైన నియమమో చూడండి. పగడానికి హాని చేస్తాయని హవాయిలో ఆక్సీబెంజోన్, ఆక్టినోక్సేట్ అనే రసాయనాలున్న సన్‌స్క్రీన్ల అమ్మకం 2021 నుంచి ఆపేశారు. నా మటుకు నేను ఏ డబ్బా మంచిదో వెతకడం మానేసి పొడుగు చేతుల చొక్కా, మోకాళ్ల కింది దాకా లాగూ వేసుకుంటున్నాను. స్నార్కెల్ చేసేవాడికి ఎండ తగిలేది వీపు మీద, మోకాళ్ల వెనక. అవి మండుతుంటే ఆ రాత్రి ఎలా పడుకోవాలో తెలియదు.

సిలిండరుతో దిగేవాళ్లకు రెండు మూడు మాటలు. శిక్షణ లేకుండా వద్దు, ఇందులో చర్చకేమీ లేదు. దిక్సూచిని నీళ్లపైనే సరిచేసుకోండి, వెళ్లే దిక్కుకు 180 డిగ్రీలు తిప్పితే వచ్చే దిక్కు. అది మరిచినా అడుగున ఇసుక మీది అలల గీతలు సాధారణంగా ఒడ్డుకు సమాంతరంగా ఉంటాయి, వాటిని అడ్డంగా దాటుతూ లోతు తగ్గే వైపు వెళ్తే ఒడ్డే. ప్రవాహానికి ఎదురుగా మొదలుపెట్టండి, అలసిపోయాక అదే వెనక్కి తెస్తుంది. సిలిండరులోని గాలిలో మూడో వంతు వెళ్లడానికి, మూడో వంతు రావడానికి, మిగిలింది ముట్టుకోకూడదు. గాలి ఒత్తిడి 200 బార్‌తో దిగితే సుమారు 133 దగ్గర వెనుదిరగాలి. పడవ డైవ్‌లో ఇంత పొదుపు అక్కర్లేదనిపిస్తుంది, కానీ ఒడ్డు దగ్గర కెరటాల్లో ఊపిరి ఎంత ఖర్చవుతుందో ముందుగా లెక్కగట్టలేం. సిలిండరు గాలిని నోటికి అందించే రెగ్యులేటరును నోట్లోనే ఉంచుకుని, మాస్కు తీయకుండా, అవసరమైతే చేతులూ మోకాళ్ల మీద పాకుతూ బయటికి రండి. చూసేవాళ్లు నవ్వితే నవ్వనీయండి. ఒడ్డు డైవ్‌లో నాకు నచ్చే సుఖం ఒకటుంది. వాలు వెంట నెమ్మదిగా పైకి వస్తుంటే భద్రత కోసం అయిదు మీటర్ల లోతులో మూడు నిమిషాలు ఆగాల్సిన విరామం, చేపల్ని చూస్తూ ఉండగానే, తనంతట తానే పూర్తవుతుంది.

ఆ అయిదు మీటర్లలోనే అసలు సంపదంతా ఉంటుంది. ఎరుపు రంగు మొదటి అయిదారు మీటర్లలోనే చాలావరకు మాయమవుతుంది, అందుకే లోతుకు పోయినకొద్దీ అంతా నీలిబూడిద. పైనున్నవాడికి రంగులన్నీ ఉచితం. అయినా జనం ఈదుతూనే ఉంటారు, ఏదో పెద్దది ముందెక్కడో ఉన్నట్టు. నేను ఒకే పగడపు గుట్ట మీద పావుగంట కదలకుండా తేలుతాను. మొదటి రెండు నిమిషాలు ఏమీ ఉండదు, అందరూ దాక్కుంటారు. మూడో నిమిషంలో చిలక చేప వచ్చి రాయిని కొరుకుతుంది, ఆ కరకర స్పష్టంగా వినిపిస్తుంది. కాసేపటికి దాని వెనక నుంచి తెల్లటి పొడి మేఘంలా జారుతుంది. మనం పొద్దున కూర్చున్న ఇసుకలో కొంత అలా తయారైనదే. ఆ తర్వాత ఒక పెద్ద చేప గుట్ట అంచుకు వచ్చి నోరు తెరుచుకుని నిలబడుతుంది, వేలెడంత నీలిచార చేపలు దాని పళ్లలోకీ మొప్పల్లోకీ దూరి శుభ్రం చేస్తాయి. వెనక ఇంకో చేప తన వంతు కోసం ఆగి ఉంటుంది. ఈదుకుంటూ పోయేవాడికి ఇది కనిపించదు. ఒడ్డున ఇరవై నిమిషాలు నిలబడలేనివాడు నీళ్లలోనూ నిలబడలేడని నా అనుమానం.

కిందటిసారి ఒక మిత్రుణ్ణి వెంటబెట్టుకుని వెళ్లాను. చాలా దూరం నుంచి ఎంతో ఆశపడి వచ్చాడు. ఒడ్డున నిలబడి చూస్తే పెద్ద జట్టు ఎనిమిది నిమిషాలకోసారి వస్తోంది, కాలువ ముదురు రంగులో గరగరలాడుతోంది, నేను పెట్టుకున్న రెండో దారి మీద కూడా నురగ కనిపిస్తోంది. వద్దన్నాను. ఆయన కాలువ వైపు చూపించి, అక్కడ నీళ్లు చదునుగా ఉన్నాయి కదా అన్నాడు. సరిగ్గా అందుకే వద్దన్నాను. తిరుగు దారిలో మాట్లాడలేదు. మర్నాడూ అదే పరిస్థితి. మూడో రోజు పొద్దున్నే కెరటాలు తగ్గాయి గానీ రెండు రోజులుగా రేగిన ఇసుక ఇంకా నీళ్లలోనే తేలుతోంది, నాలుగు మీటర్లు కూడా కనిపించలేదు. అయినా దిగాం. గంటసేపు గంజిలో ఈదినట్టుంది. బయటికి వచ్చే ముందు, తొడ లోతులో, ఆయన నా మోచేయి పట్టుకుని కిందికి చూపించాడు. బొరియ నోటి దగ్గర చిన్న ఆక్టోపస్ ఒకటి గవ్వను అడ్డం లాక్కుంటూ ఒక కన్ను మాత్రం బయటపెట్టి మమ్మల్ని చూస్తోంది. ఇద్దరం అక్కడే, అలల్లో ఊగుతూ, చలివేసేదాకా ఉండిపోయాం.